సీరియల్ నంబరు కోసం బల్ల కింద దూరనక్కర్లేదు

ప్రశ్న: సార్, రొయ్యల మేత అమ్మే ఆఫీసులో పనిచేస్తున్నాను. మొత్తం 36 కంప్యూటర్లు. ఒక్కోదాని సీరియల్ నంబరు, ర్యామ్, డిస్కులో ఖాళీ ఎంతుందో ఆదివారంలోగా రాసిమ్మన్నారు మా ఓనరు గారు. సగం స్టిక్కర్లు చెరిగిపోయాయి. స్క్రిప్టుతో అవుతుందా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: అవుతుందండీ. ఫోను టార్చి వేసి మీరు వెతుకుతున్న ఆ నంబరు, బ్రాండెడ్ కంపెనీ తయారుచేసిన సిస్టమ్ అయితే, సాధారణంగా దాని బయోస్‌లోనే (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాము) ఉంటుంది. అడిగి తెప్పించుకోవడానికి విండోస్‌లో డబ్ల్యూఎంఐ అనే ఏర్పాటు ఉంది. విండోస్‌లో కమాండ్లు టైపు చేసే పవర్‌షెల్‌లో గెట్-సిమ్‌ఇన్‌స్టాన్స్ కమాండు పక్కన విన్32_బయోస్ అని ఇస్తే సీరియల్ నంబరు, విన్32_కంప్యూటర్‌సిస్టమ్ అంటే ర్యామ్, విన్32_లాజికల్‌డిస్క్ అంటే ఖాళీ స్థలం వస్తాయి. పాత పాఠాల్లో కనిపించే డబ్ల్యూఎంఐసీ అనే కమాండు జోలికి మాత్రం పోకండి. మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కన పెట్టేసింది.

డిస్కు దగ్గర డ్రైవ్‌టైప్ 3 (అంటే సిస్టమ్‌లోని డిస్కులే) అని షరతు పెట్టండి, లేదంటే మీ పెన్‌డ్రైవు కూడా లెక్కలోకి వస్తుంది. అంకెలు బైట్లలో వస్తాయి, 1జీబీతో భాగించాలి. 8 జీబీ ర్యామ్ 7.9 అని కనిపిస్తే టెన్షన్ వద్దు. కొంత మెమొరీని హార్డ్‌వేర్ తన కోసం అట్టిపెట్టుకుంటుంది. విడిభాగాలు కొని బిగించిన అసెంబుల్డ్ సిస్టమ్‌లలో సీరియల్ నంబరు చోట ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అని రావచ్చు. తయారుచేసినవాళ్లు అక్కడ ఏమీ నింపలేదని అర్థం. వాటికి మీరే ఓ నంబరు ఇచ్చి, డబ్బా మీద పెయింటు మార్కరుతో రాసేయండి. మన ఉప్పుగాలికి కాగితం స్టిక్కరు ఎన్నాళ్లుంటుంది?

కూర్చున్నచోటి నుంచే నెట్‌వర్కులో అన్నిటినీ అడగొచ్చు. అయితే ప్రతి సిస్టమ్‌లో విన్‌ఆర్‌ఎం (దూరం నుంచి వచ్చే కమాండ్లను అందుకునే విండోస్ ఏర్పాటు) ఆన్ చేయాలి, అడ్మిన్ పాస్‌వర్డులు కావాలి. మీ 36కి, ఈ కమాండ్లన్నీ ఒక స్క్రిప్టు ఫైలులో రాసి పెన్‌డ్రైవులో పెట్టుకుని, ఒక్కో సిస్టమ్‌లో నడపడమే మేలు. స్క్రిప్టు నడవనంటే ఎగ్జిక్యూషన్ పాలసీని (స్క్రిప్టులను నడవనివ్వాలా వద్దా అనే పవర్‌షెల్ నిబంధన) ఆ ఒక్కసారికి బైపాస్ చేయండి, శాశ్వతంగా మార్చొద్దు. ఫలితాలను పట్టిక ఫైలుగా రాసే ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ కమాండుకు అపెండ్ జోడిస్తే ప్రతి సిస్టమ్ తన వరుసను ఒకే ఫైలులో చేర్చుకుంటూ పోతుంది. కంప్యూటర్ పేరు కూడా రాయించండి, తర్వాత ఏది ఎక్కడిదో తెలియాలి కదా.

ఆ ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచి సేవ్ చేయొద్దు. అమలాపురంలో ఒక ల్యాబుకు ఇలాగే పట్టిక చేసిచ్చాను. మొత్తం అంకెలే ఉన్న సీరియల్ నంబర్లలో మొదటి సున్నాలు ఎగిరిపోయాయి. ఆర్నెల్ల తర్వాత ఒక సిస్టమ్ పాడైతే వారంటీవాళ్లు ఆ నంబరే లేదన్నారు. మళ్లీ అన్నిటి దగ్గరకూ వెళ్లి రాసుకొచ్చాను. డేటా మెనూలోంచి ఫైలు తెచ్చుకుని, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి.