టెక్ సందేహాలు: ముందు గ్లాసుడు నీళ్లు పెట్టి చూడండి

ప్రశ్న: నమస్తే సార్. మాది తిరుపతి, భవానీ నగర్. ఆరేళ్ల కిందట కొన్న 28 లీటర్ల కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉంది. లైటు వెలుగుతుంది, ప్లేటు తిరుగుతుంది. కానీ నిమిషంలో వేడెక్కే అన్నానికి ఇప్పుడు మూడు నిమిషాలు పడుతోంది. మెకానిక్ వచ్చి చూసి మ్యాగ్నెట్రాన్ (లోపల వేడి పుట్టించే పార్టు) వీక్ అయింది, మార్చాలంటే 4,500 అవుతుందన్నాడు. మా ఆయనేమో ఇంకో పది వేలు వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ రోజుకు ఏదీ చేయకండమ్మా. ముందు చిన్న పరీక్ష ఒకటి చేయండి. మైక్రోవేవ్‌లో పెట్టదగ్గ గాజు గ్లాసులో పావు లీటరు నీళ్లు పోసి, అందులో చెక్క స్పూను ఒకటి వేయండి. స్పూను మర్చిపోవద్దు. నున్నటి గ్లాసులో నీళ్లు బుడగ రాకుండానే మరిగే వేడి దాటిపోయి, కదిలించగానే ఒక్కసారిగా చేతి మీదికి ఎగజిమ్మే ప్రమాదం ఉంది. ఫుల్ పవర్‌లో రెండు నిమిషాలు తిప్పండి. 800 వాట్ల ఓవెన్ బాగుంటే ఆ పాటికి నీళ్లు మరిగేదాకా రావాలి. వేలు పెట్టగలిగేంత గోరువెచ్చగా ఉన్నాయంటే తేడా ఉన్నట్టే.

ఈ పరీక్ష రెండుసార్లు చేయాలి. పొద్దున ఐదు గంటలకు ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి. ఎందుకంటే ఎండాకాలం రాత్రుళ్లు వీధిలో ఏసీలన్నీ ఆన్ అయ్యాక కొన్ని ఇళ్లకు ఓల్టేజీ బాగా పడిపోతుంది. లోపల మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మైక్రోవేవ్‌కు ఓల్టేజీ కాస్త తగ్గినా వేడి చాలా తగ్గుతుంది. లైటు, ప్లేటు మాత్రం ఎప్పటిలాగే కనిపిస్తాయి కాబట్టి మనకు అనుమానం రాదు. పొద్దున మరిగి రాత్రి మరగకపోతే తప్పు ఓవెన్‌ది కాదు, కరెంటుది.

ప్లగ్గు పీకి పిన్నులు కూడా చూడండి. మా ఇంట్లో సరిగ్గా ఇలాగే జరిగింది. మ్యాగ్నెట్రాన్ పోయిందంటే డబ్బు కట్టి మార్పించాం. వారం తిరక్కుండానే మళ్లీ అదే కథ. చివరికి ప్లగ్గు బయటికి లాగి చూస్తే ఒక పిన్ను నల్లగా మాడి ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి కరిగిపోయింది. సాకెట్ లోపల తీగ లూజు. సాకెట్, ప్లగ్గు మార్చగానే ఓవెన్ మామూలైపోయింది. మంచి మ్యాగ్నెట్రాన్‌ను తీసి పారేశామని అప్పుడు తెలిసింది. అందుకే ఏ రిపేరైనా ఏ పార్టు పోయిందో చూపించమని అడగండి, తీసిన పాత పార్టు మీకే ఇమ్మనండి. మొహమాటం వద్దు.

రెండు పూటలా నీళ్లు గోరువెచ్చగానే ఉంటే మెకానిక్ మాట చాలావరకు నిజమే. మ్యాగ్నెట్రాన్ అంటే 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలను పుట్టించే గుండెకాయ లాంటి పార్టు. వాడగా వాడగా దాని శక్తి తగ్గుతుంది. ఖాళీ ఓవెన్ తిప్పడం, స్టీలు గిన్నెలు పెట్టడం అలవాటుంటే ఇంకా త్వరగా పోతుంది. డబ్బు ఇచ్చే ముందు బిల్లు, వారంటీ కార్డు వెతకండి. చాలా కంపెనీలు ఓవెన్ మొత్తం మీద ఏడాదే ఇచ్చినా, మ్యాగ్నెట్రాన్ మీద అంతకంటే ఎక్కువ ఏళ్లు ఇస్తాయి. ఆరేళ్లంటే దాటిపోయే ఉండొచ్చు, అయినా చూడటంలో నష్టం లేదు.

ఇక అసలు నిర్ణయం. దానికి డబ్బు లెక్క కన్నా ముందు తలుపును, అడుగును చూడాలి. ప్లేటు, దాని కింద తిరిగే రింగు తీసేసి టార్చి వేయండి. పెయింటు పొరలు లేచి ఎర్రటి తుప్పు కనిపిస్తోందా? తలుపు వేస్తే ఒక మూల ఎత్తుగా ఉంటోందా, కొక్కెం విరిగిందా? వీటిలో ఒక్కటి ఉన్నా పైసా పెట్టకండి, కొత్తది కొనండి. తరంగాలు బయటికి రాకుండా ఆపేవి ఆ తలుపు, ఆ రేకు డబ్బానే. అవి బాగుంటే మాత్రం నా ఓటు రిపేరుకే. కొత్తదాని ధరలో మూడో వంతు లోపు అయ్యే రిపేరుకు నేను వెనకాడను. సగం దాటితే, ఓవెన్ వయసు ఏడెనిమిదేళ్లు ఉంటే, అప్పుడు వదిలేస్తాను. మీది 4,500, కొత్తది 14,500 చొప్పున మూడో వంతు లోపే. కొత్త మ్యాగ్నెట్రాన్‌కు కనీసం ఆరు నెలల గ్యారంటీ బిల్లు మీద రాయించుకోండి.

పార్టు దొరకదు, కొత్తది కొనుక్కోండి అని కంపెనీ వాళ్లే అంటే ఊరుకోకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. రిపేరు వివరాల కోసమే కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెచ్చింది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. మీ పిల్లలు యూట్యూబ్ చూసి స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఆపండి. మైక్రోవేవ్ లోపలి కెపాసిటర్‌లో ప్లగ్గు పీకేశాక కూడా రెండు వేల ఓల్టుల దాకా నిల్వ ఉండొచ్చు. ప్రాణం తీయడానికి అది చాలు.

ప్రశ్న: చిత్తూరు, కొంగారెడ్డిపల్లి నుంచి రాస్తున్నాను. ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను. సీజన్‌లో తోతాపురి గుజ్జుతో చేసేవి బాగా పోతాయి. నా ఓటీజీలో (ఓవెన్ టోస్టర్ గ్రిల్) ఇప్పుడు కేకు పైన మాడుతోంది, అడుగు పచ్చిగా ఉంటోంది. ఎనిమిదేళ్లయింది, కొత్తది తీసుకోనా?

జవాబు: వద్దు. మైక్రోవేవ్‌కు చెప్పిన వయసు లెక్క ఓటీజీకి వర్తించదు. దీంట్లో ఉన్నవల్లా హీటింగ్ రాడ్లు, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్, టైమర్, ఏ రాడ్లు పనిచేయాలో ఎంచుకునే సెలెక్టర్ స్విచ్చి. ఏది పోయినా మార్చుకోవచ్చు. గదిలో లైటు ఆర్పి, సెలెక్టర్‌ను కింది రాడ్లకు తిప్పి ఐదు నిమిషాలు చూడండి. అసలు ఎర్రబడకపోతే రాడ్డయినా పోయుండాలి, దాని చివర తీగ జాయింటయినా కాలిపోయి ఉండాలి. పాత రాడ్డు తీయించి షాపుకు చేత్తో పట్టుకెళ్లండి. పొడవు, వంపు, వాట్లు మూడూ కలవాలి. పై రాడ్లు, కింది రాడ్లు రెండూ ఎర్రబడుతున్నా కేకు తేడాగా వస్తుంటే థర్మోస్టాట్ మీద అనుమానం. ఓవెన్ థర్మామీటర్ లోపల పెట్టి, 180 అని తిప్పినప్పుడు నిజంగా ఎంత చూపిస్తోందో చూడండి.

ఇంకో సంగతి. 1,600 వాట్ల ఓటీజీ 230 ఓల్టుల దగ్గర దాదాపు 7 ఆంపియర్లు లాగుతుంది. మిక్సీ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్‌కు, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు అది భారం. గంటల కొద్దీ బేక్ చేసే మీరు 16 ఆంపియర్ల పాయింటు వేయించుకోవాల్సిందే.

ప్రశ్న: మైక్రోవేవ్ లోపల కుడి వైపు చిటపటమని నిప్పురవ్వలు వస్తున్నాయి. పేలుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పారేయాలా?

జవాబు: వెంటనే ఆపేయండి, కానీ పారేయకండి. కుడి గోడకు అట్టముక్కలా ఉండేది మైకా షీటు. కూర చిట్లి, నూనె పట్టి అది మాడితే ఇలాగే రవ్వలు వస్తాయి. చాలా తక్కువ ఖర్చుతో మారుతుంది. పాతదాని కొలతకు కత్తిరించి వేస్తారు. దాని వెనక రేకు కూడా కాలి చిల్లు పడి ఉంటే మాత్రం వదిలేయండి. అప్పుడు పాత ఇనుము బండికి వేయకుండా, కొత్తది కొనే చోట ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పాతవాటిని రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యత తయారీదార్లదే. బండి మీద తీసుకెళ్లిన మనిషి సుత్తితో ఆ కెపాసిటర్‌నే పగలగొట్టబోతాడు, అందులో కరెంటు ఉందో లేదో అతనికి తెలియదు.