వెయ్యి కొంగలు మడిచినా ఆ పాప ఎందుకు బతకలేదు?

ప్రశ్న: ఆదివారాలు ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తెలుగు చెబుతుంటాను. ఆగస్టు 6న హిరోషిమా గురించి చెప్పి కాగితపు కొంగలు చేయించాలనుకుంటున్నాను. నిరుడు సడాకో కథ చెబితే ఒక పిల్ల ‘వెయ్యి పూర్తికాలేదనే చనిపోయిందా?’ అని ఏడ్చేసింది. ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఆ ఏడుపు కథ చెప్పిన తీరు వల్ల వచ్చింది. వెయ్యి కాగితపు కొంగలు మడిస్తే కోరిక తీరుతుందని జపాన్‌లో ఒక నమ్మకం. హిరోషిమా బాంబు వల్ల జబ్బుపడి, బతకాలని ఆస్పత్రిలో కొంగలు మడిచిన పాప సడాకో ససాకి. ఆమె 644 దగ్గర ఆగిపోయిందని చాలామంది చెబుతారు. హిరోషిమా శాంతి స్మారక మ్యూజియం మాత్రం ఆ పాప వెయ్యి దాటించిందనే చెబుతుంది. ఈ తేడా చిన్నది కాదమ్మా. 644 అంటే పిల్లల లెక్కలో తప్పు సడాకోదవుతుంది, ఇంకాస్త గబగబా మడిచి ఉంటే బతికేదని.

ఉన్నదున్నట్టు చెప్పండి. 1945లో హిరోషిమా మీద అణుబాంబు పడేనాటికి సడాకోకు రెండేళ్లు, పైకి దెబ్బలేమీ లేవు. బాంబు పడిన దాదాపు పదేళ్లకు రక్త క్యాన్సర్ బయటపడింది. 1955 అక్టోబరు 25న, పన్నెండేళ్లకే కన్నుమూసింది. కొంగలు జబ్బు నయం చెయ్యలేదు. ‘మరి మడవడం ఎందుకు?’ అని అడుగుతారు, అడగనివ్వండి. అప్పుడు తోటి పిల్లల సంగతి ఎత్తండి: క్లాసువాళ్లు పూనుకుంటే దేశమంతటా పిల్లలు చందాలు పంపారు, 1958 మే 5న శాంతి పార్కులో విగ్రహం నిలబడింది. చేతులు పైకెత్తి కొంగను పట్టుకున్న పాప.

కాలిన ఒళ్ల ఫొటోలు చిన్నపిల్లలకు చూపించకండి. పదేళ్లు దాటినవాళ్లకు రెండోవైపు కూడా చెప్పాలి: 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులేసినవి జపాన్ విమానాలే. ఇక మీ జిల్లాలోనే, రుషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. కళింగను నెత్తుటిలో ముంచిన అశోకుడు అక్కడి రాతి మీద ‘మనుషులందరూ నా బిడ్డలే’ అని చెక్కించాడు. వీలైతే తీసుకెళ్లండి.

ఇంకొకటి. మనకు కొంగ అనగానే దొంగజపం గుర్తొస్తుంది, పిల్లలు నవ్వుతారు. జపాన్‌లో ఆ పక్షి దీర్ఘాయుష్షుకు గుర్తని ముందే చెప్పేయండి.

ప్రశ్న: పిల్లలతో కాగితపు కొంగలు మడిపిస్తుంటే మెడ దగ్గరికి వచ్చేసరికి కాగితం చిరుగుతోంది. కొందరికి రెక్కలే రావడం లేదు.
– ఒక ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: ముందు కాగితం. మొదటిసారి ఏ4 జిరాక్స్ కాగితం నుంచి 21 సెం.మీ. చదరం కత్తిరించండి. చార్టు పేపరైతే మెడ దగ్గర పొరలు మందమై మడత నిలవదు. ఒకవైపు పెన్సిల్‌తో చుక్క పెట్టండి.

చుక్క ఉన్నవైపు నుంచి ఐమూలగా రెండు మడతలు వేసి విప్పాలి. తిరగేసి నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. నాలుగూ ఒకేవైపు నుంచి వేస్తే కాగితం చిన్న చదరంగా మూసుకోదు. పిల్లలు బలవంతాన నొక్కుతారు, చిరుగు అక్కడే మొదలు.

మూసిన చదరంలో పొరలు విచ్చుకునే మూల మన పొట్టవైపు ఉండాలి. పైపొర రెండంచులూ నడిమి గీతకు మడిచి, పై ముక్కోణాన్ని వాటిమీదికి వంచి గోటితో గట్టిగా గీటి, అన్నీ విప్పేయండి. ఇప్పుడు పైపొర ఒక్కదాని కింది కొన పట్టుకుని పైకి లేపితే పడవలా తెరుచుకుంటుంది, పక్కలు లోపలికి వాలతాయి. వెనకా అంతే.

ఈ దశలో ఒక కొన నడుమ చీలి ఉంటుంది, రెండోది ఉండదు. సన్నం చెయ్యాల్సింది చీలిన కాళ్లను. తలకిందులుగా పట్టుకున్నవాళ్లు రెక్కల్ని సన్నం చేసేస్తారు, అందుకే మీవాళ్లకు రెక్కలు లేవు. అంచు నడిమి గీతను తాకనివ్వకండి, ఒక మిల్లీమీటరు వదలండి. లేకపోతే కాళ్లను పొరల మధ్యకు తోసి మెడ, తోక లేపేటప్పుడు ఇరుక్కుని మొదట్లోనే చిరుగుతుంది. ఒక కొన వంచితే తల. రెక్కల్ని మెల్లగా కిందికి లాగండి.

ప్రశ్న: నలభైమంది క్లాసుతో వెయ్యి కొంగలు చేయించాలి. ఎంత కాగితం కావాలి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: 7 సెం.మీ. చదరాలైతే ఏ4కు పన్నెండు వస్తాయి, 84 కాగితాలు చాలు. అదే 7.5 తీసుకుంటే ఆరే వస్తాయి. ఒక్కొక్కరికి 25 కొంగలు. దండకు 40 చొప్పున 25 దండలు, ప్రతి దండలోనూ ప్రతి పిల్లదీ ఒకటి. దారం చివర పూస ముడివేసి, సూదిని పొట్ట కింది చిన్న రంధ్రంలోంచి వీపు మీదికి తియ్యండి. వానాకాలం వరండాలో కట్టకండి, చెమ్మకు మెడలు వాలిపోతాయి.