108లో ఎనిమిదేళ్ల సర్వీసు: డాలస్‌లో ఏ మెట్టు నుంచి?

సందేహం: అమలాపురం దగ్గర 108లో ఈఎంటీగా (అంబులెన్సులో రోగికి అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్‌గా) చేస్తున్నానండి. మా ఆవిడకి డాలస్‌లో ఉద్యోగం వచ్చింది, నేను హెచ్4 (ఆవిడ వీసాకి జతగా భర్తకిచ్చే వీసా) మీద వెళ్తున్నాను. ఇక్కడి సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుందా?

జవాబు: చెల్లదండి. మళ్లీ ఈఎంటీ క్లాసులోనే కూర్చోవాలి, చిన్నతనం అనుకోకండి. రాష్ట్రం గుర్తించిన కోర్సు సుమారు 150–200 గంటలు. ఆపైన నేషనల్ రిజిస్ట్రీ (దేశమంతటికీ ఈఎంటీ పరీక్ష పెట్టే సంస్థ) పరీక్ష, తర్వాత టెక్సస్ సర్టిఫికెట్ విడిగా. హెచ్4 మీద చదువుకోవచ్చు, జీతానికి చేయాలంటే మాత్రం ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) ఉండాలి. అది వచ్చే దారి ఉందో లేదో ఫీజు కట్టకముందే కనుక్కోండి.

పరీక్షలో 70 నుంచి 120 ప్రశ్నలు, 2 గంటలు. వెనక్కెళ్లి దిద్దుకోవడం కుదరదు. మనవాళ్లు జబ్బు తెలియక తప్పరు, వరస తప్పుతారు. చేలో పడున్న మనిషి, నోట్లో నురగ, పురుగుమందు వాసన అనగానే మన బుర్ర విరుగుడు మందు అట్రోపిన్ మీదకి పోతుంది. పరీక్ష పెట్టేవాళ్లకి కావలసిన మొదటి జవాబు: ఆ చోటు మనకి ప్రమాదం లేనిదేనా, గ్లవ్స్ వేసుకున్నారా, తడిసిన బట్టలు తీయించారా.

అసలు చిక్కు చేతులతో. గతుకుల రోడ్డు మీద, కదిలే బండిలో కాన్యులా (సెలైన్ ఎక్కించే సూదిగొట్టం) పెట్టిన చెయ్యి ఊరుకోదు. అక్కడ ఈఎంటీకి చాలా రాష్ట్రాల్లో ఐవీ (నరానికి సూది పెట్టడం) నిషిద్ధం. టెక్సస్‌లో అయితే ఆ సర్వీసు మెడికల్ డైరెక్టర్ (బాధ్యత వహించే డాక్టరు) ప్రోటోకాల్‌లో రాసి ఉంటేనే. రోగి మంచికే చేశానన్నా సర్టిఫికెట్ మీదకి రావచ్చు. ఛాతీనొప్పికి ఆస్పిరిన్ కూడా 81 మిల్లీగ్రాముల బిళ్లలు నాలుగు నమిలిస్తారు, మన డిస్ప్రిన్‌లా నీళ్లలో కరిగించరు. ఇంకోటి, విడిగా పైలట్ (108 డ్రైవరు) ఉండడు, మామూలుగా ఇద్దరూ నడపాలి. ట్రాఫిక్ చలాన్లు పడితే ఉద్యోగం కష్టం.

రిజిస్ట్రీని రెండేళ్లకోసారి, మార్చి 31లోగా రెన్యూ చేయాలి. 40 గంటల చదువు చూపాలి: 20 జాతీయ అంశాలు, 10 స్థానికం, 10 మీ ఇష్టం. అన్నీ మార్చికి వదిలేస్తే గంటలు సరిపోయినా అంశాలు సరిపోవు, ఎందుకంటే జాతీయ భాగంలో ఒక్కో అంశానికీ గంటలు కేటాయించి ఉంటాయి. మీ ఇష్టానికి వదిలిన పదీ ఈసీజీ మీద పెట్టండి, ఈఎంటీకి పై మెట్టయిన పారామెడిక్‌కి అక్కరకొస్తాయి. పారామెడిక్ కోర్సు మామూలుగా వెయ్యి గంటలు దాటుతుంది. అక్రెడిటేషన్ (గుర్తింపు) లేని చోట చేరితే రిజిస్ట్రీ పరీక్షకే కూర్చోనివ్వరు.

బయల్దేరేటప్పుడు సర్వీసు లెటర్ తెచ్చుకోండి. దానికి మినహాయింపులేమీ రావు గానీ ఇంటర్వ్యూలో బరువుంటుంది. హెపటైటిస్-బి మూడు డోసుల కాగితం అంతకన్నా ముఖ్యం, ఆస్పత్రి క్లినికల్స్‌కి (కోర్సులో భాగంగా ఆస్పత్రిలో చేసే ప్రాక్టీసుకి) అడుగుతారు. టీబీకి చర్మం పరీక్ష చేస్తామంటే చిన్నప్పటి బీసీజీ టీకా సంగతి చెప్పి రక్తపరీక్ష అడగండి. లేదంటే జబ్బు లేకపోయినా చెయ్యి వాచి, ఎక్స్‌రే తీయించేదాకా క్లినికల్స్ ఆగిపోవచ్చు.