కొత్త కార్లలో టచ్‌స్క్రీన్ మేలా, బటన్లు మేలా? రోజూ బండి నడిపేవాళ్లు ఏమంటారు?

మీ ప్రశ్న సారాంశం ఇది: పదిహేను లక్షల లోపు కారు తీసుకోవాలి, ఏ షోరూంకు పోయినా తెర ఎన్ని ఇంచులో చెప్తున్నారు, అది రోజూ నడిపేవాళ్లకు నిజంగా పనికొస్తుందా అని.

మాది నల్లగొండ. సొంత బండ్లు కిరాయికి తిప్పుకుంటాను. ఒకటి పాత డిజైర్, దాంట్లో ఏసీకి తిప్పే నాబులు. ఇంకోటి ఈమధ్య తీసుకున్న ఎస్‌యూవీ. దాంట్లో పెద్ద తెర, తెర కింద నున్నటి నల్ల పలక, తిప్పడానికంటూ ఏమీ లేదు. దాని పేరు ఎందుకులెండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నడిపే రోజులుంటాయి కాబట్టి రెండింటి తేడా చెయ్యికి బాగానే తెలుసు.

ముందు ఒక మాట. డ్రైవర్లకు తెరంటేనే పడదు అనుకోకండి. మా స్టాండుకు వచ్చి చూస్తే పాత బండ్లలో కంపెనీ ఇచ్చిన చిన్న మ్యూజిక్ సెట్టు పీకేసి, తొమ్మిదించుల ఆండ్రాయిడ్ తెర వేయించుకున్నవే ఎక్కువ. ఎవరూ బలవంతం చేయలేదు. ఈఎంఐకి దాచిన పైసల్లోంచి తీసి వేయించుకున్నారు. మ్యాపు పెద్దగా కనిపిస్తుంది, వెనక కెమెరా తగిలించుకోవచ్చు, ప్యాసింజర్ ఆస్పత్రి లోపలికి పోయినప్పుడు సగం సినిమా చూసుకోవచ్చు. కానీ అట్లా తెర వేయించుకున్నవాళ్లలో ఏసీ నాబులు తీయించినవాడు ఒక్కడూ లేడు. ఆ ఆలోచన కూడా ఎవరికీ రాదు. తెర వచ్చి కూర్చుంది పాటల సెట్టు జాగాలో, ఏసీ జాగాలో కాదు. డ్రైవర్ల అభిప్రాయం ఏమిటని అడిగితే నేను మొదట చూపించేది దీన్నే. తమ పైసలతో, తమ చేతులతో మార్చుకునే వీలున్నప్పుడు వాళ్లు ఎక్కడిదాకా మార్చుకున్నారో చూడండి.

ఏసీ దగ్గరే ఎందుకు ఆగానంటే, కిరాయి బండిలో స్టీరింగ్, గేరు రాడ్డు తర్వాత డ్రైవరు చెయ్యి ఎక్కువగా పోయేది దాని మీదికే. ఎండాకాలం మా దిక్కు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వెనక సీట్లో పెద్దమ్మ, కొడుకు, కోడలు. కండ్ల ఆపరేషన్‌కు హైదరాబాద్ పోతున్నారు అనుకోండి. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కుతామో లేదో, "అన్నా, జర ఏసీ పెంచు, ఉడ్కపోస్తుంది" అని కొడుకు. చిట్యాల దాటకముందే "బిడ్డా, సలి పెడ్తుంది, మోకాళ్లు గుంజుతున్నయ్, జర తగ్గియ్యి" అని పెద్దమ్మ. పంతంగి టోల్‌గేటు వచ్చేలోపు వాళ్లిద్దరి మధ్య నా చెయ్యి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

డిజైర్‌లో అయితే రోడ్డు మీంచి చూపు తీసే పని లేదు. ఏ నాబు ఎక్కడుందో చెయ్యికే ఎరుక. తిప్పితే టక్కుమని ఒక్కో మెట్టు వేలికి తగులుతుంది. రెండో నంబరు మీదుందా మూడో దాని మీదుందా చూడకుండానే తెలిసిపోతుంది.

కొత్తదాంట్లో అదే పని చేయాలంటే ముందు ఫ్యాను బొమ్మ ఎక్కడుందో చూడాలి. పలక అంతా ఒక్కటే నునుపు. ఏ బొమ్మ మీద పడ్డానో వేలికి తెలియదు, కండ్లే చెప్పాలి. మధ్యాహ్నం ఎండ పక్క అద్దంలోంచి నేరుగా పడితే దుమ్మూ వేలిముద్రలూ కనిపిస్తాయి తప్ప బొమ్మలు కనిపించవు. చెయ్యి గాలిలో చాపి పెట్టాలి, ఆనించుకోవడానికి ఏమీ ఉండదు, సరిగ్గా అప్పుడే ఒక గతుకు వస్తుంది. ఫ్యాను తగ్గించబోతే వెనక అద్దం హీటరు వెలుగుతుంది. గాలి ముఖానికి కాకుండా కాళ్లకు మళ్లించాలంటే ఆ పలక మీద కూడా లేదు. మ్యాపులోంచి బయటికొచ్చి, ఏసీ పేజీ తెరిచి, అక్కడ కూర్చున్న మనిషి బొమ్మ కాళ్ల మీద వత్తి, తిరిగి మ్యాపులోకి పోవాలి. ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో ఇదంతా చేసేసరికి ఫ్లైఓవర్ ఎక్కాలో కింది నుంచి పోవాలో చెప్పే బాణం దాటిపోయి ఉంటుంది.

గంటకు 80 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు తెర వైపు చూస్తే 66 మీటర్లు రోడ్డు చూడకుండా పోయినట్టే. నాలుగు లేన్ల హైవే మీద ఏమీ కాకపోవచ్చు. మిర్యాలగూడ దిక్కు ఊళ్ల రోడ్ల మీద కోతల కాలంలో పోయి చూడండి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. రాత్రికి కుప్ప చేసి, నల్ల పట్టా కప్పి, అంచుల మీద బండరాళ్లు పెడతారు. నల్ల రోడ్డు, నల్ల పట్టా. ఎదురు బండి లైటు కంట్లో పడిందంటే దగ్గరికి వచ్చేదాకా కుప్ప తెలియదు. రైతును ఏమంటాం, కల్లం ఉంటే రోడ్డు మీదికి ఎందుకొస్తాడు. అది దాటితే రైస్‌మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్ల బారు, సగం ట్రాలీలకు వెనక రేడియం స్టిక్కర్ కూడా ఉండదు. ఆ రోడ్డుకు రాత్రిపూట కొత్త బండి తీస్తే కదలకముందే ఏసీ, పాటలు, మ్యాపు అన్నీ పెట్టేసుకుంటాను. మధ్యలో మార్చమంటే పక్కకు ఆపి మారుస్తాను. ఏసీ కోసం బండి ఆపేవాణ్ని ఎక్కడా చూడలేదన్నట్టు చూస్తారు ప్యాసింజర్లు. చూడనీ.

ఇదేదో నా ఒక్కడి సణుగుడు అనుకునేరు. స్వీడన్‌లో వి బిలాగరె అనే కార్ల పత్రిక 2022లో దీన్ని లెక్క కట్టి చూపించింది. విమానాల రన్‌వే మీద గంటకు 110 కిలోమీటర్ల వేగంతో బండ్లు నడిపిస్తూ నాలుగు పనులు చేయమన్నారు. సీటు హీటర్ వేసి వేడి పెంచడం, రేడియో స్టేషన్ మార్చడం, ట్రిప్ మీటర్ సున్నాకు తేవడం లాంటివే. ముందుగా బండితో అలవాటు పడే టైం కూడా ఇచ్చారు. బటన్లున్న 2005 నాటి వోల్వో వి70లో అన్నీ 10 సెకన్లలో అయిపోయాయి, ఆలోపు బండి 306 మీటర్లు పోయింది. తెర ఉన్న ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.9 సెకన్లు, 1372 మీటర్లు. పదిహేడేళ్ల పాత బండి ముందు కొత్త బండి అంత వెనకబడింది.

జర్మనీలో ఇంకోటి జరిగింది. ఒకాయన వానలో టెస్లా నడుపుతూ వైపర్ల వేగం మార్చడానికి తెరలోకి పోయాడు, బండి రోడ్డు దిగి చెట్లను గుద్దింది. తెర కూడా ఫోను లాంటి ఎలక్ట్రానిక్ పరికరమే అని 2020లో కార్ల్స్‌రూ పై కోర్టు తేల్చింది. 200 యూరోల జరిమానా, నెల రోజులు లైసెన్సు బంద్. మన దగ్గర 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం చేతిలో ఫోను పట్టుకుని నడపడం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది. ఆరించుల ఫోను చేతిలో ఉంటే తప్పు, పదించుల తెర కంపెనీ బిగించి ఇస్తే ఫీచరు. పోలీసాయన ఎదురుగా కూడా దాన్ని నొక్కుకుంటూ పోవచ్చు.

కంపెనీలు తెర వైపు ఎందుకు పోయాయంటే ఫ్యాషన్ ఒక్కటే కారణం కాదు. ప్రతి బటన్‌కూ ఒక అచ్చు, ఒక స్విచ్, దాని వైరింగు, బిగించే మనిషి. అదే ఒక తెర పెట్టి అన్నీ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అదే తెర నాలుగు మోడళ్లకు పనికొస్తుంది, తర్వాత అప్‌డేట్ కూడా పంపొచ్చు. పైగా షోరూంలో బండి నిలబడి ఉంటుంది. నిలబడిన బండిలో తెర అంత ముద్దొచ్చేది ఇంకేదీ లేదు. పిల్లలు వెనక నుంచి వంగి నొక్కుతారు, అంబియెంట్ లైటు రంగులు మారతాయి, చెక్కు రాసేస్తాం.

ఇప్పుడు గాలి కొంచెం తిరిగింది. బండ్లకు సేఫ్టీ స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2024లో ఒక ప్రకటన చేసింది. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్, ఆపదలో సాయం పిలిచే ఎస్‌ఓఎస్, ఈ ఐదింటికి విడిగా మీటో బటనో లేకపోతే 2026 నుంచి మార్కులు తగ్గిస్తామని. ఆ ఐదింటిలో ఏసీ లేదు. వాళ్లకు మన మే నెల ఏం తెలుసు. ఫోక్స్‌వ్యాగన్ మాత్రం ఆ సంగతి కూడా పట్టించుకుంది. వాల్యూమ్, కుడి ఎడమల వేడి, ఫ్యాను, హజార్డ్ లైటు, వీటికి ఇకనుంచి తెర కింద నిజమైన బటన్లే పెడతామని ఆ కంపెనీ డిజైన్ పెద్ద ఆండ్రియాస్ మింట్ 2025లో చెప్పాడు.

అవతలి వాదన కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో మా మేనల్లుడు ఎలక్ట్రిక్ బండి నడుపుతాడు. "మామా, ఆటో మోడ్‌ల 24 పెట్టి మర్సిపోవాలె. నువ్వు దాన్ని మాటిమాటికి గెలుకుతవ్, అదే నీ పంచాయితి" అంటాడు. వాడి మాటలో నిజం ఉంది. ఒక్కడే ఆఫీసుకు పోయి వచ్చేవాడికి ఆటోమేటిక్ ఏసీ ఉంటే బటన్లతో పెద్దగా పని పడదు. వాన పడితే వైపర్లు వాటంతటవే తిరుగుతాయి, చీకటి పడితే లైట్లు వాటంతటవే పడతాయి. కానీ నలుగురు ఎక్కిన బండిలో 24 ఎవరి 24? ముందు సీటాయనకు ఉక్క, వెనకామెకు చలి. ఇంట్లో ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉన్నవాళ్లది కూడా మా కిరాయి డ్రైవర్ల పరిస్థితే. మాటతో చెప్పే సౌకర్యం ఉంది కదా అంటారు. నా బండిలో ఉంది. నేను ఏసీ తగ్గించమంటే అది ఎవరికో ఫోను కలపబోతుంది.

నాబులున్న బండికి రిపేరు రాదని కూడా నేననను. పాత బండ్లలో ఏసీ ఫ్యాను వేగం తగ్గించే సామాను, బ్లోయర్ రెసిస్టర్ అంటారు, అది కాలిపోవడం మామూలే. అప్పుడు ఫ్యాను చిన్న నంబర్ల మీద కదలదు, ఆఖరి నంబరు మీద మాత్రం సుడిగాలిలా కొడుతుంది. కాకపోతే నల్లగొండలో ఏ ఏసీ మెకానిక్ అయినా పూటలో మార్చి ఇస్తాడు, ఆ సామాను పెద్ద ఖర్చు కూడా కాదు. తెర పోతే స్థానిక మెకానిక్ చెయ్యి పెట్టడు. కంపెనీ సర్వీసుకు పోవాలి, వారంటీ దాటితే బిల్లు చూసి కూర్చోవాలి, సామాను వచ్చేదాకా కిరాయి పోగొట్టుకోవాలి.

ఇక వెనక కెమెరా విషయంలో మాత్రం నాకు రెండో మాట లేదు. పెళ్లిళ్ల సీజన్లో ఫంక్షన్ హాలు ముందు రివర్సు తీసేటప్పుడు, వెనక చిన్నపిల్లలు ఉరుకుతుంటే, ఆ తెరకు దండం పెట్టొచ్చు. మ్యాపు కూడా అంతే. స్టీరింగ్ మీద వాల్యూమ్, ఫోన్ బటన్లు ఇచ్చిన వాళ్లకూ దండమే.

మీ సంగతికి వస్తే, టెస్ట్ డ్రైవ్ ఏసీ షోరూంలో చల్లగా నిలబెట్టిన బండితో కాదు, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండితో అడగండి. తెర మీద మ్యాపు పెట్టించి, పక్కన సేల్స్ అబ్బాయిని కూర్చోబెట్టుకుని, నడుస్తున్న బండిలో మూడు పనులు చేసి చూడండి: ఫ్యాను రెండు మెట్లు తగ్గించడం, గాలి కాళ్లకు మళ్లించడం, ముందు అద్దం మీద ఆవిరి పోగొట్టడం. ఈ మూడోది మరవకండి. చలికాలం పొద్దున చౌటుప్పల్ దగ్గర మంచులో ముందు అద్దం లోపలి వైపు మసకేస్తే పేజీలు వెతుక్కునే టైం ఉండదు. దానికి విడిగా బటన్ లేని బండిని నేనైతే తీసుకోను. కళ్లు తిప్పకుండా మూడూ చేయగలిగితే తెర ఎంత పెద్దదైనా ఇబ్బంది లేదు.

ఇంకో చిట్కా. కొన్ని మోడళ్లలో టాప్ వేరియంట్‌కే టచ్ పలక వస్తుంది, మధ్య వేరియంట్‌లో నాబులే ఉంటాయి, తెర మాత్రం రెండింటిలోనూ ఉంటుంది. సేల్స్ వాళ్లు మధ్యదాన్ని చూపించరు, డిస్‌ప్లేలో టాపే పెడతారు. గోదాములోనో డెలివరీకి సిద్ధంగానో ఉన్న మధ్య వేరియంట్ బండి తలుపు తీయించి చూసి, ఆ తర్వాతే అడ్వాన్సు కట్టండి.