వరద పోయి ఏళ్లయినా వాన పడితే నిద్ర పట్టకపోవడం జబ్బేనా?

2021 నవంబరులో కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడింది. దాన్నుంచి బయటపడ్డ మీ నాయన ఇప్పటికీ మబ్బు పడితే చాలు, రాత్రంతా వాకిట్లో నిలబడి ఏటి వైపే చూస్తున్నారని రాశారు. ఇది పిరికితనం కాదు, వయసు చాదస్తమూ కాదు.

గండం గడిచిన కొన్ని వారాలు ఉలికిపాటు, పీడకలలు మామూలే. చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా అవే దృశ్యాలు కళ్లముందు కదలడం, ఏటి దారి మానేయడం, చిన్న చప్పుడుకే గుండెదడ రావడం ఉంటే గండం తాలూకు భయం వదలని మానసిక జబ్బైన పీటీఎస్‌డీ కావచ్చు. మానసిక వైద్యుడికి చూపించండి, ఏళ్ల తర్వాతైనా నయమవుతుంది. ఆ జ్ఞాపకాన్ని మెల్లగా ఎదుర్కొనేలా చేసే కౌన్సెలింగ్ సాధారణంగా 8 నుంచి 12 సార్లు ఉంటుంది. మందుల గుణం కనబడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. పది రోజులకే "ఏం గుణం లేదు" అని ఆపేయడం దగ్గరే చాలామందికి చెడుతుంది. షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు మాత్రం వద్దు. అలవాటు పడతాయి తప్ప అసలు జబ్బును తగ్గించవు. సారా కూడా అంతే.

నిద్రలేమితో బీపీ, షుగరు అదుపు తప్పుతాయి, కాబట్టి అవీ చూపించండి.

ఆ రోజు సంగతి చెప్పమని తవ్వకండి, ఆయనే చెబితే వినండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలీ మానస్ 14416కు రాత్రీపగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడొచ్చు. "బతికి ఏం లాభం" అన్నారంటే అదే రోజు ఫోన్ చేయండి, ఆయన్ను ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంచకండి.