మైనర్లే ఒక నాణేన్ని రెండుసార్లు ఖర్చు చేయకుండా బిట్‌కాయిన్‌లో అడ్డుకట్ట ఏమిటి?

లావాదేవీలను బ్లాకులనే కట్టలుగా చేర్చి, కంప్యూటర్ల గణనశ్రమతో వాటిని ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా పేర్చేది (దీన్నే తవ్వడం అంటారు) మైనర్లే కాబట్టి, వ్యాపారికి ఒక నాణెం చెల్లించి, రహస్యంగా తవ్విన మరో గొలుసులో దాన్నే తమకు మళ్లించుకుంటే ఆపేదెవరన్న సందేహం సరైనదే. నియమాలు దీన్ని పూర్తిగా నిషేధించలేవు; దాన్ని నష్టదాయకం మాత్రమే చేయగలవు. ఎక్కువ గణనశ్రమ కూడిన గొలుసునే నెట్‌వర్క్ అసలైనదిగా ఎంచుతుంది కనుక, మోసగాడు మిగతావారందరినీ దాటి తవ్వాలి. ఓడితే ఆ రహస్య బ్లాకులకు ప్రతిఫలం దక్కదు, కరెంటు ఖర్చు మాత్రం మీద పడుతుంది. చెల్లింపు పడిన బ్లాకు మీద 6 బ్లాకులు చేరేదాకా వ్యాపారి ఆగితే, మొత్తం గణనశక్తిలో 10 శాతం ఉన్నవాడు అసలు గొలుసును అందుకోగల సంభావ్యత, బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో 2008 పత్రంలోని లెక్క ప్రకారం, సుమారు 0.02 శాతమే. పైగా బ్లాకు తవ్వినందుకు ప్రతిఫలంగా దక్కే నాణేలను మరో 100 బ్లాకులు గడిచేదాకా ఖర్చు చేయలేరు. ఆలోగా మోసం బయటపడి నాణెం విలువ పడిపోతే మైనరూ నష్టపోతాడు.

నన్ను కలవరపెట్టేది చిన్న నెట్‌వర్కుల పరిస్థితి. 2018 మేలో బిట్‌కాయిన్ గోల్డ్, 2020 ఆగస్టులో ఇథీరియం క్లాసిక్ అనే వేరే క్రిప్టో నాణేల నెట్‌వర్కులు ఇలాంటి దాడులకు గురయ్యాయి. అటువంటి నెట్‌వర్కును మించే గణనశక్తిని కొన్ని గంటలకు అద్దెకు తెచ్చుకునే వీలుంటే, తెచ్చుకున్నవాడికి ఆ నాణెం భవిష్యత్తుతో పనే ఉండదు. అక్కడ పెద్ద మొత్తం స్వీకరించేవారు 6 బ్లాకులతో సరిపెట్టుకోకుండా చాలా ఎక్కువసేపు ఆగాలి.