లాసూట్ గిటార్ అంటే ఎక్కువ రేటు పెట్టాలా?

ప్రశ్న: నేను టోక్యోలో జాబ్ చేస్తున్నానండి. సొంతూరు వెళ్లిపోతున్న అమెరికన్ కొలీగ్ ఒకాయన పాత ఐబనెజ్ ఆర్టిస్ట్ ఎలక్ట్రిక్ గిటార్ అమ్ముతున్నాడు, సీరియల్ నంబర్ హెచ్ 80తో మొదలవుతుంది. ఇది లాసూట్ గిటార్, అంటే కోర్టు కేసు పడిన రకం, అందుకే రేటు ఎక్కువ అంటున్నాడు, ఆంప్ (సౌండ్ పెంచే పెట్టె) కూడా కలిపి ఇస్తాడట. వచ్చే ఏడాది విజయవాడ వచ్చేస్తున్నా, తీసుకోమంటారా?

జవాబు: గిటార్ బాగుంటే తీసుకోండి, కానీ లాసూట్ అన్న మాటకి ఒక్క యెన్ కూడా ఎక్కువ ఇవ్వొద్దు. 70ల్లో జపాన్ ఫ్యాక్టరీలు అమెరికన్ కంపెనీలు గిబ్సన్, ఫెండర్ మోడళ్లని అచ్చు దింపి తక్కువ రేటుకి అమ్మేవి, 1977లో గిబ్సన్ ఓనర్ కంపెనీ నార్లిన్ వాళ్లు అమెరికాలో ఐబనెజ్ అమ్మే ఎల్గర్ మీద ఫిలడెల్ఫియాలో కేసు వేశారు, గొడవంతా హెడ్‌స్టాక్ (తీగలు బిగించే పై భాగం) షేప్ గురించే, 1978లో కోర్టు బయటే రాజీ అయిపోయింది. కేసు పడింది ఆ ఒక్క కంపెనీ మీదే, ఇప్పుడు మాత్రం టోకై, గ్రెకో, ఆరియా లాంటి పాత జపాన్ బ్రాండ్లు ఏది అమ్మినా లాసూట్ అనేస్తున్నారు.

మీ గిటార్ సంగతికొస్తే, అప్పటి ఐబనెజ్ సీరియల్లో మొదటి అక్షరం నెల, తర్వాత రెండంకెలు ఏడాది. 'ఏ' అక్షరం జనవరి అయితే 'హెచ్' ఆగస్టు, అంటే 1980 ఆగస్టుది, అప్పటికి కేసు అయిపోయి రెండేళ్లు. పైగా ఆర్టిస్ట్ కాపీ మోడలే కాదు, వాళ్ల సొంత డిజైన్! నగానో జిల్లా మత్సుమోతోలో ఫుజిజెన్ ఫ్యాక్టరీ వాళ్ల పనితనం అది, 1982లో ఫెండర్ జపాన్ మొదలైనప్పుడు గిటార్లు చేసిపెట్టింది కూడా వీళ్లే, అంత మంచి పనిని కోర్టు కేసు పేరు చెప్పి అమ్మడం నాకైతే బాధగా ఉంటుంది.

చూడాల్సింది నెక్, అంటే గిటార్ మెడ. హెడ్‌స్టాక్ వెనక, నట్ (మెడ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర టార్చ్ వేసి చూడండి, విరిగి అతికించిన గీత కనిపిస్తే రేటు బాగా తగ్గాల్సిందే. ఒక చివర్నుంచి కన్ను పెట్టి నెక్ మెలి తిరిగిందేమో చూడండి, ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండే లోహపు కడ్డీ) కొంచెం తిప్పి చూపించమని ఆయన్నే అడగండి, రాడ్ బిగుసుకుపోయి ఉంటే మాత్రం వదిలేయండి. మొదటి ఐదారు ఫ్రెట్లు (నెక్ మీది లోహపు అడ్డగీతలు) అరిగి చదునైపోతే కొత్తవి వేయించాలి, ఆ ఖర్చు బేరంలో తీసేయండి. నాబ్ తిప్పితే గరగర అంటే భయపడక్కర్లేదు, క్లీనర్ స్ప్రే కొడితే చాలాసార్లు పోతుంది. వెనక మూత తీయించి వైర్లు చూడండి, కొత్త సోల్డర్ కనిపిస్తే పికప్‌లు (తీగల ధ్వనిని పట్టే భాగాలు) మార్చారేమో అడగండి.

ఆంప్ మాత్రం వద్దు. జపాన్ కరెంటు 100 వోల్టులు, మనది 230, ఇక్కడ నేరుగా పెడితే కాలిపోతుంది, దానికోసం బరువైన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మోసుకు తిరగాలి. ఆంప్ మీ దగ్గరే ఉంచుకోండని చెప్పి ఆ మేరకు గిటార్ రేటు తగ్గించమనండి, హార్డ్ కేస్ ఉంటే అది మాత్రం అడిగి తీసుకోండి.